బొటనవేలి నొప్పి ఎలా తగ్గిందంటే

మాది నల్లగొండ. బీజీఎంఐ అనే మొబైల్ షూటింగ్ గేమ్‌లో మా నలుగురి స్క్వాడ్ రాత్రి పది దాటాకే స్క్రిమ్స్‌కు, అంటే ప్రాక్టీస్ మ్యాచ్‌లకు, కూర్చునేది. టోర్నమెంట్ దగ్గరపడేసరికి నా కుడి బొటనవేలి మొదట్లో ఒకటే నొప్పి. బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయినంత పనయ్యేది. క్లాక్ టవర్ దగ్గర ఫిజియోథెరపిస్టు చూసి, అక్కడి స్నాయువు తొడుగు వాచిందన్నారు. దాన్ని డి క్వెర్వెయిన్ అంటారట.

కొన్నాళ్లు వేలు కదలకుండా స్ప్లింట్ వేసుకున్నా. ఆ రోజుల్లో ఖాళీగా ఉండలేదు. పాత మ్యాచ్‌ల రికార్డింగులు పెట్టుకుని, జోన్‌లోకి (ఆటలో సేఫ్‌గా ఉండే చోటికి) ఎందుకు లేటయ్యాం, ఏం చేయాలో ఎవరు కాల్ ఇవ్వలేదు అని అందరం కలిసి మాట్లాడుకున్నాం. గంటల కొద్దీ ఆడినదానికన్నా ఇందులోనే ఎక్కువ నేర్చుకున్నామని గట్టిగా చెప్పగలను.

ఇప్పుడు మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఫోన్ కింద పెట్టాల్సిందే. డాబా ఎక్కి లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు చూస్తా, కళ్లకు ఎంత హాయో! ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పేది ఇందుకే. స్క్రిమ్స్ సాయంత్రానికి మార్చాం. పగలు చేతికి నేర్పింది నిద్రలో మెదడులో బాగా కుదురుకుంటుంది, అందుకే నిద్ర తగ్గనివ్వం. ఏ రోజైనా వేలు లాగితే నేను దిగను, నా బదులు మా స్క్వాడ్ ఐదో ప్లేయర్ తమ్ముడు ఆడతాడు.