మొక్కజొన్నలో చిక్కుడు జాతి అంతర పంట: ఎక్కడ దెబ్బతింటుంది, ఎలా సరిదిద్దాలి

ఫ్రెంచి చిక్కుడు, అలసంద, గోరుచిక్కుడు ఏది వేసినా సూత్రం ఒకటే: మొక్కజొన్న నీడ కమ్ముకునే లోపు కాయకోత చాలావరకు ముగియాలి. ఈ లెక్క తప్పితే సమస్యలు వస్తాయి. కింద చెప్పిన వాటిలో మొదటిది మాత్రం కలుపు మందు వల్ల, నత్రజని సమస్యలు ఎరువు వల్ల వచ్చేవి.

చిక్కుడు ఆకుల అంచులు పసుపెక్కి మాడుతున్నాయి, మొక్కజొన్న మాత్రం నవనవలాడుతోంది

ముందుగా అనుమానించాల్సింది అట్రాజిన్‌ను. మొక్కజొన్న ఈ కలుపు మందును తనలోనే విరిచేసుకుంటుంది, చిక్కుడుకు ఆ శక్తి లేదు. మాడు ముదురు ఆకుల అంచుల్లో మొదలై లోపలికి పాకుతుంది. ఇనుప ధాతు లోపమైతే లేత ఆకులు ముందు పాలిపోతాయి. బాగా మాడిన మొక్కకు విరుగుడు లేదు, దానిపై యూరియా పిచికారీ చేయడం డబ్బు దండగ. వచ్చే విత్తుకు అట్రాజిన్ మానేసి, విత్తిన 48 గంటల లోపు తడి నేలపై పెండిమిథాలిన్ అనే కలుపు మందు పిచికారీ చేయండి. గత పంటకు అట్రాజిన్ వాడి ఉన్నా జాగ్రత్త అవసరం, క్షార నేలల్లో అది నెలల తరబడి నిలుస్తుంది.

చిక్కుడు సన్నగా సాగి, పూత రాలుతోంది

నీడ ఎక్కువైంది. సాళ్లన్నీ 60 సెం.మీ. దూరంలో వేసే బదులు రెండేసి సాళ్లను 45 సెం.మీ. దగ్గరికి చేర్చి, జంటల మధ్య 75 సెం.మీ. వదలండి. మొక్కజొన్న మొక్కల సంఖ్య తగ్గదు, ఆ ఖాళీలో 25 సెం.మీ. దూరంతో రెండు చిక్కుడు సాళ్లు పడతాయి. త్వరగా కాపుకొచ్చే పొద రకాన్నే ఎంచుకుని, మొక్కజొన్నతో పాటు అదే రోజు విత్తాలి. పది రోజులు ఆగి విత్తితే ఆ పది రోజులూ కాపులోంచి పోయినట్టే.

మొక్కజొన్న వంగి పడిపోతోంది

తీగ రకం వేసి ఉంటారు. నీడ కమ్ముకునే లోపు కోత, అదే రోజు విత్తడం అన్న పై సూత్రాలు దానికి వర్తించవు, మొక్కజొన్న మోకాలెత్తు పెరిగాకే విత్తాలి.

చిక్కుడు ఆకు గుబురుగా ఉంది, కాయ లేదు. లేదా మొక్కజొన్న కింది ఆకులు కొన నుంచి నడిమి ఈనె వెంబడి పసుపెక్కుతున్నాయి

ఈ రెండూ నత్రజని లెక్క తప్పిన గుర్తులే. మొదటిది చేనంతా యూరియా చల్లితే వస్తుంది, రెండోది చిక్కుడే మొక్కజొన్నకు నత్రజని ఇస్తుందని ఎరువు తగ్గిస్తే వస్తుంది. చిక్కుడు కూడబెట్టింది చాలావరకు తనకే సరిపోతుంది, మిగిలినది ఎక్కువగా తర్వాతి పంటకు అందుతుంది. మొక్కజొన్న మోతాదు తగ్గించకుండా, యూరియాను దాని మొదళ్ల పక్కనే వేసి మట్టి కప్పండి.

విత్తిన నెలకు ఒక అలసంద మొక్కను మట్టితో సహా పెళ్లగించి, నత్రజనిని పట్టే వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే అది పని చేస్తున్నట్టే. తెల్లగా ఉన్నా, బుడిపెలే లేకున్నా, వచ్చేసారి ఆ పంటకు తగిన రైజోబియంతో (ఈ బుడిపెల్లో ఉండి నత్రజనిని పట్టే సూక్ష్మజీవి) విత్తనశుద్ధి చేయాలి. ఫ్రెంచి చిక్కుడు ఈ విషయంలో సహజంగానే బలహీనం, దానికి కొంత నత్రజని విడిగా ఇవ్వక తప్పదు.

కత్తెర పురుగుకు మందు కొట్టాలి, పక్కన కాయ కోతకొచ్చింది

ముందు కాయ కోసేయండి. తర్వాత రెండు పంటలకూ సిఫారసు ఉన్న మందునే మొక్కజొన్న సుడిలో పడేలా కొట్టి, లేబుల్‌పై రాసిన గడువు దాటేదాకా మళ్లీ కాయ తెంపకండి. అన్ని రోజులు ఆగలేని పరిస్థితిలో గుడ్ల సముదాయాలను చేత్తో నలిపివేయడమే దారి.