చిన్న కేసులో గ్రాఫిక్స్ కార్డు – 3వ పాఠం: సప్లై లేబుల్ చదవడం

పోయిన పాఠంలో మూత తీసి జాగా కొలిచాం, వెనక బిగించే పట్టీ పొట్టిగా ఉన్న, తక్కువ ఎత్తు కార్డే పడుతుందని తేలింది. ఈసారి కరెంటు లెక్క.

రాయగడ, గుణుపురం, జయపురం వైపు మనవాళ్ల ఫొటో స్టూడియోల్లో సెకండ్ హ్యాండ్ ఆఫీసు సిస్టమ్‌లు చాలా కనిపిస్తాయి. పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడితే అందరూ అడిగేది ఒకటే: "అన్నయ్యా, ఇందులో కార్డు వేస్తే వీడియో తొందరగా అయిపోద్దా?" అవుతుంది. ఏ కార్డన్నది మాత్రం షాపువాణ్ణి కాదు, సప్లైని, అంటే సిస్టమ్‌కి కరెంటిచ్చే డబ్బాని అడగాలి.

ప్లగ్ పీకి, సప్లైకి అతికించిన లేబుల్ చూడండి. పెద్దక్షరాల్లో 240 వాట్లు అని ఉందనుకుందాం. దాన్ని నమ్ముకోకండి, అది అన్ని వోల్టేజీలూ కలిపిన మొత్తం. కార్డూ ప్రాసెసరూ తినేది దాదాపు అంతా 12 వోల్టుల నుంచే. లేబుల్‌లో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లుంటే 12 × 16 = 192 వాట్లు. మన చేతిలో ఉన్నది అంతే. కొన్నిటి మీద 12 వోల్టుల గడులు రెండుంటాయి. వాటిని కూడేయకండి, రెండూ కలిపి ఎంత ఇవ్వగలదో కింద వేరే అంకె ఉంటే అదే లెక్క.

ఇక ఖర్చు. ఐ5-6500 ప్రాసెసర్‌కి 65 వాట్లు. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకి కలిపి 30 వేసుకోండి. జీటీఎక్స్ 1650 పెడితే ఇంకో 75. మొత్తం 170, అంటే 192లో ఇమిడినట్టే. నేనైతే పెట్టను. సప్లై పాతది, పైగా మే నెల ఎండలో గంటల తరబడి రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తయారుచేయడం). అయిదో వంతు మిగులు ఉంచితే వాడుకోదగ్గది 153. అందులో ప్రాసెసర్, బోర్డు వగైరాలకి 95 పోతే కార్డు వాటా 58.

ఆ 58లో ఆర్ఎక్స్ 6400 పడుతుంది, దానిది 53. కానీ దాంట్లో వీడియో ఎన్‌కోడరే (వీడియోని కుదించి ఫైలుగా మార్చే భాగం) లేదు, స్టూడియోకి దండగ. ఎన్విడియా టీ1000కి 50 వాట్లు చాలు, ఎన్‌కోడర్ ఉంది, మందం ఒక్క స్లాటే (బోర్డు మీద కార్డు గుచ్చే చోటు). వెనక మాత్రం అన్నీ మినీ డిస్‌ప్లేపోర్టులే. హెచ్‌డీఎంఐ మానిటర్ ఉన్నవాళ్లకి కన్వర్టర్ ఖర్చు ముందే చెప్పేయండి, లేకపోతే సిస్టమ్ ఇంటికి చేరిన గంటకే ఫోనొస్తుంది.

ఈ కార్డులు స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటాయి. మామూలుగా స్లాట్ 75 వాట్ల దాకా ఇస్తుంది. కొన్ని పాత చిన్న మోడళ్లలో అంతకన్నా తక్కువే, మాన్యువల్ చూడండి.

ఒక అడ్డదారి గురించి గట్టిగానే చెప్పాలి. విడిగా ఆరు పిన్నుల వైరుతో కరెంటు కావాల్సిన కార్డు తెచ్చి, సాటా ప్లగ్గు (డిస్కుకి కరెంటిచ్చేది) నుంచి కన్వర్టర్ వైరుతో కరెంటు ఇచ్చేస్తుంటారు. సాటాలో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోదానికీ 1.5 ఆంపియర్లు. వెరసి 54 వాట్లు. ఆరు పిన్నుల సాకెట్ 75 దాకా లాగుతుంది. మొదటి రోజు ఏమీ కాదు, బాగానే నడుస్తుంది. లోడు పడేకొద్దీ పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడుతుంది. కాలిన వాసన వచ్చేసరికి ప్లగ్గు, డిస్కుకి అతుక్కుపోయినా ఆశ్చర్యం లేదు. ఆ వైరు చవగ్గా వస్తుంది కదా అని కొనకండి.

ఈ వారం అభ్యాసం: మీ సప్లై లేబుల్ ఫొటో తీసి, పై లెక్క మీ అంకెలతో వేయండి. బోర్డుకి వెళ్లే పెద్ద ప్లగ్గులో పిన్నులెన్నో కూడా లెక్కపెట్టి రాసుకోండి. 24 కాకుండా 6 గానీ 8 గానీ ఉంటే అది కంపెనీ సొంత ప్లగ్గు, బజారు సప్లై నేరుగా పట్టదు. సప్లైనే మార్చడం గురించి 4వ పాఠంలో చూద్దాం, అక్కడ ఆ అంకె కావాలి.