మీ రాజకీయ అభిప్రాయానికి వోచర్ ఉందా?

26 ఏళ్లుగా నాది ఖాతాలు రాసే పని. ఈ పనిలో మొదటి రోజు నేర్పే మాట, వోచర్ లేని పద్దు రాయొద్దని. డబ్బు ఎవరికి వెళ్లింది, ఎందుకు వెళ్లింది, ఏ తేదీన, ఎవరు సంతకం పెట్టారు అన్న కాగితం చేతికి రానిదే అంకె పుస్తకంలోకి ఎక్కదు. ఎక్కడిదో తెలియని సొమ్ము జమైతే దాన్ని సస్పెన్స్ ఖాతాలో పెడతాం. మనదనీ అనం, కాదనీ అనం. ఆధారం దొరికిన రోజున అసలు ఖాతాకు మారుస్తాం.

ఆఫీసులో ఇంత జాగ్రత్తగా ఉండే నేను, ఒక ఎన్నికల ముందు మా కుటుంబ గ్రూపులో 22 సెకన్ల వీడియో పంపాను. ఒక నాయకుడు వేదిక మీద నిలబడి "పింఛన్లు దండగ, ఆపేయాలి" అంటున్నాడు. మా అమ్మ గుర్తొచ్చి ఒళ్లు మండింది. కింద నాలుగు ఘాటు మాటలు కూడా రాశాను. అన్నయ్యకు ఆ నాయకుడంటే గౌరవం. మాటా మాటా పెరిగింది. మూడు నెలలు ఒకరికొకరం ఫోన్ చేసుకోలేదు. ఆ తర్వాత పూర్తి ప్రసంగం కంటపడింది. ఆయన అన్నది "పింఛన్లు దండగ, ఆపేయాలి అని వాళ్లు అంటున్నారు, మేం ఒప్పుకోం" అని. ఎవరో "ఆపేయాలి" దగ్గర కోసేశారు.

అప్పటి నుంచి రాజకీయాల మీద నోరు విప్పే ముందు కొన్ని పనులు చేస్తున్నాను. ఎవరైనా చేసుకోగలిగినవే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక నోటుబుక్ పెట్టుకోండి

ఫోన్‌లో కాదు, కాగితం మీద. పేజీకి నాలుగు గడులు గీయండి. తేదీ, ఒక్క వాక్యంలో మీ అభిప్రాయం, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఏం తెలిస్తే దాన్ని మార్చుకుంటారు.

రాయడం మొదలుపెట్టగానే ఒక తేడా తెలుస్తుంది. "పన్నులు తగ్గించాలి" అన్నది నా కోరిక, నా విలువ. దానికి వోచర్ అక్కర్లేదు. "పన్నులు తగ్గించారు" అన్నది జరిగిన విషయం. దానికి కాగితం కావాలి. మన ఇళ్లలో గొడవలు చాలావరకు ఈ రెంటినీ కలిపి మాట్లాడటం వల్లే వస్తున్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. మూడో గడిలో "అందరూ అంటున్నారు", "గ్రూపులో వచ్చింది" అని రాయాల్సి వస్తే ఆ పద్దును సస్పెన్స్ ఖాతాలోకి నెట్టేయండి. పుస్తకం చివర నాలుగు పేజీలు దానికోసమే వదిలాను.

నాలుగో గడి కష్టం. ఎంత ఆలోచించినా అక్కడ ఏమీ రాయలేకపోతే మీరు రాసుకున్నది అభిప్రాయం కాదు, అభిమానం. అభిమానం ఉండటంలో తప్పేమీ లేదు, నాకూ ఉంది. దాన్ని అభిమానమనే పేరుతోనే రాసుకోవాలి.

క్లిప్ వచ్చినప్పుడు

దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, నేను దెబ్బతిన్నది ఇక్కడే.

వీడియో చివరి సెకన్లు రెండుసార్లు వినండి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. "అని", "అనలేదు", "కాదు", "కూడదు" అన్నీ చివరే. అందుకని మన భాషలో ఒక మనిషి మాటను తలకిందులు చేయడానికి పెద్ద ఎడిటింగ్ పనితనం అవసరం లేదు, ఆఖరి రెండు మాటలు కోస్తే సరిపోతుంది. వాక్యం పూర్తయినప్పుడు మనిషి గొంతు సహజంగా కిందికి దిగుతుంది. దిగకుండానే క్లిప్ ఆగిపోయిందంటే తర్వాత ఇంకేదో ఉందని అర్థం. నేను పంపిన వీడియోలో ఆయన గొంతు పైస్థాయిలోనే ఉంది. తర్వాత విన్నప్పుడు ఎంత స్పష్టంగా తెలిసిందో!

తర్వాత వేదిక వెనక బ్యానర్ మీద ఊరి పేరు, తేదీ ఏమైనా కనిపిస్తున్నాయేమో వీడియో ఆపి చూడండి. మైకుల మీద చానెళ్ల గుర్తులుంటాయి. నాయకుడి పేరు, ఆ సభ జరిగిన ఊరు, క్లిప్‌లోని ఒక విలక్షణమైన మాట కలిపి యూట్యూబ్‌లో వెతకండి. పార్టీలు తమ సభలను సాధారణంగా తమ చానెళ్లలో లైవ్ ఇస్తాయి, ఆ రికార్డింగులు అక్కడే ఉంటాయి. దొరికాక ఆ ముక్కకు ముందు మూడు నిమిషాలు, తర్వాత మూడు నిమిషాలు వినండి. అంతకన్నా తక్కువైతే నేను ఒప్పుకోను.

ఫొటో అయితే పని తేలిక. ఒక ఫొటో ఇంకెక్కడ కనిపించిందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేసి చూడండి. టిన్‌ఐలో పాతవి ముందు వచ్చేలా అమర్చుకోవచ్చు. నిన్నటి సంఘటన అని వచ్చిన ఫొటో ఐదేళ్ల కిందటే ఎక్కడో కనిపిస్తే ఇక వెతకనక్కర్లేదు.

వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని లెక్క. అలాంటిదాన్ని ఒకేసారి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో పరిమితి పెట్టారు. ఆ గుర్తు కనిపిస్తే అబద్ధమని అర్థం కాదు. పంపిన మనిషికీ అసలు ఎక్కడిదో తెలియదని అర్థం. అందుకే పంపినవాళ్లను నిలదీయడం మానేశాను.

ఇంకొకటి, మీ మనసును కూడా గమనించుకోండి. 2018లో సైన్స్ పత్రికలో ఎంఐటీ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలిస్తే, నిజం కన్నా అబద్ధాన్ని జనం రీట్వీట్ చేసే అవకాశం 70 శాతం ఎక్కువగా ఉందట. ఆ తేడాకు కారణం వాటంతట అవే ట్వీట్ చేసే యంత్ర ఖాతాలు కాదు, మనుషులేనని కూడా తేల్చారు. అబద్ధపు కథనాలకు వచ్చిన స్పందనల్లో ఆశ్చర్యం, అసహ్యం ఎక్కువగా కనిపించాయి. ఇది చదివాక నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఏదైనా చూడగానే "ఛీ, ఇంత దారుణమా!" అనిపిస్తే ఆ రోజుకు ఫార్వర్డ్ బటన్ ముట్టుకోను.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేవి ఆడియోలు. పెదవులు ఉండవు, వేదిక ఉండదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. 2023 సెప్టెంబరులో స్లొవేకియా ఎన్నికలకు రెండు రోజుల ముందు ఒక పార్టీ నాయకుడు ఓట్ల రిగ్గింగ్ గురించి మాట్లాడుతున్నట్టు ఆడియో బయటికి వచ్చింది. అందులో కృత్రిమ మేధతో తయారు చేసిన ఆనవాళ్లున్నాయని నిజనిర్ధారకులు చెప్పారు. అక్కడ పోలింగుకు ముందు రెండు రోజులు ప్రచారానికి విరామం కావడంతో గట్టిగా ఖండించే వీలు కూడా తక్కువే. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ప్రైమరీకి, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు ముందు అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతుతో ఓటర్లకు ఫోన్లు వచ్చాయి, ఇప్పుడు ఓటు వేయకండి, నవంబరుకు దాచుకోండి అని. అది చేయించిన సలహాదారుకు 60 లక్షల డాలర్ల జరిమానా పడింది. పోలింగుకు ముందు చివరి మూడు రోజుల్లో వచ్చిన ఏ ఆడియోనైనా నేను నేరుగా సస్పెన్స్ ఖాతాలో రాస్తాను, అది నాకు నచ్చని నాయకుడిదైనా సరే. ఓటు తేదీ, పోలింగ్ కేంద్రం, గుర్తింపు కార్డుల వంటి విషయాలకు మాత్రం ఎన్నికల సంఘం సైటు తప్ప ఇంకేదీ చూడను.

ప్రకటనకు డబ్బు కట్టిందెవరో చూడండి

లెక్కలు రాసేదాన్ని కాబట్టి నాకు ఇది ఇష్టమైన భాగం. ఫీడ్‌లో రాజకీయ ప్రకటన కనిపిస్తే పక్కన మూడు చుక్కలుంటాయి. నొక్కితే, ఈ ప్రకటన మీకు ఎందుకు కనిపిస్తోందో చెప్పే వరుస వస్తుంది. మీ వయసు, మీ ప్రాంతం, మీరు ఆసక్తి చూపిన విషయాలు అందులో ఉంటాయి. ఒక్కసారి చదివితే అది మనసులో ఉండిపోతుంది.

తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా వాళ్ల యాడ్ లైబ్రరీ తెరవండి, అకౌంట్ లేకపోయినా తెరుచుకుంటుంది. రాజకీయ ప్రకటనల విభాగంలో పార్టీ పేరో నాయకుడి పేరో వెతకండి. డబ్బు కట్టిందెవరు, సుమారు ఎంత, ఏ వయసు వాళ్లకు ఎక్కువ చూపించారు అన్నవి కనిపిస్తాయి. ఈ ప్రకటనలను ఏడేళ్లు దాచి ఉంచుతారు. గూగుల్‌కూ ఇలాంటిదే ఒక కేంద్రం ఉంది. నేను చూసేది ముఖ్యంగా ఒకటే. ఒకే పార్టీ యువకులకు ఒక మాట, పెద్దవాళ్లకు ఇంకో మాట చెబుతోందా? రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. నాకు వచ్చినది మాత్రమే చూసి ఆ పార్టీ మీద అభిప్రాయం ఏర్పరచుకోవడమంటే జమ వైపు మాత్రమే చూసి లెక్క సరిపోయిందనడమే.

ఇంత ఆరా ఎందుకని అడిగేవాళ్లకు కేంబ్రిడ్జ్ ఎనలిటికా అనే రాజకీయ ప్రచార సలహా సంస్థ సంగతి గుర్తు చేస్తాను. ఫేస్‌బుక్‌లో ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌ను వాడింది సుమారు 2,70,000 మంది. వాళ్ల స్నేహితుల వివరాలు కూడా లాగడంతో చివరికి 8.7 కోట్ల మంది సమాచారం చేతులు మారి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మరుసటి ఏడాది అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. సరదాగా ఆడిన క్విజ్ ఒకటి ఎన్నికల ప్రచారం దాకా పోయింది. అందుకే "మీరు ఏ నాయకుడిలా ఆలోచిస్తారు" లాంటి ఆటలకు నా వివరాలు ఇవ్వను, మా ఇంట్లో పిల్లల్నీ ఇవ్వనివ్వను.

ఫీడ్, సర్వేలు

వీటి గురించి రెండు మాటలే. ఎన్నికల నెలలో యూట్యూబ్ వాచ్ హిస్టరీని తుడిచేసి ఆపేయండి. హోమ్ పేజీ ఖాళీ అవుతుంది, మీకు కావలసింది మీరే వెతుక్కుంటారు. ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్‌లలో "ఫాలోయింగ్" వరుసకు మారితే మీరు ఎంచుకున్నవాళ్ల పోస్టులు వస్తాయి. మొదటి రెండు రోజులు వెలితిగా ఉంటుంది, తర్వాత హాయిగా ఉంటుంది.

ఆన్‌లైన్ పోల్‌లో లక్షల మంది ఓటేశారని చెబితే 1936 గుర్తు చేసుకోండి. అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక చేసిన సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. దాన్ని బట్టి లాండన్ గెలుస్తాడని రాశారు. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. ఎంతమంది చెప్పారన్నది కాదు, ఎలాంటివాళ్లను అడిగారన్నది చూడాలి.

సోషల్ మీడియా కంపెనీల మీద అభిప్రాయానికి తేదీ వేయండి

"ఈ కంపెనీలన్నీ వాళ్ల చేతిలోనే ఉన్నాయి" అని అన్నయ్య అంటాడు. నా స్నేహితురాలు సరిగ్గా అదే మాట ఎదుటి పార్టీ గురించి అంటుంది. ఇద్దరూ మనస్ఫూర్తిగానే అంటున్నారు. నేనైతే మొదట ఆదాయం చూస్తాను. మెటా ఆదాయంలో 95 శాతానికి పైగా ప్రకటనలదే. మనం ఎంతసేపు తెర ముందు ఉంటే అంత ఆదాయం. కోపం మనల్ని కూర్చోబెడుతుంది. ఆ కోపం ఏ పార్టీ మీదైనా ఆదాయం మాత్రం అదే ఖాతాలో పడుతుంది.

రెండోది, నియమాలు మారుతూ ఉంటాయి. ట్విట్టర్ 2019లో రాజకీయ ప్రకటనలు నిషేధించింది, 2023లో మళ్లీ అనుమతించింది. మెటా బయటి నిజనిర్ధారకులతో చేసుకున్న ఒప్పందాలను 2025లో అమెరికాలో ముగించింది. యూరప్‌లో కొత్త చట్టం రావడంతో మెటా, గూగుల్ 2025లో అక్కడ రాజకీయ ప్రకటనలే ఆపేశాయి. "ఆ కంపెనీ ఇలా చేస్తుంది" అని రాసేటప్పుడు పక్కన ఏ సంవత్సరమో రాయకపోతే రెండేళ్లకు ఆ వాక్యం చెల్లకుండా పోతుంది.

మూడోది, చెడు ఉద్దేశం లేకపోయినా వాళ్ల బలం చిన్నది కాదు. 2010 అమెరికా ఎన్నికల రోజున ఫేస్‌బుక్ సుమారు 6.1 కోట్ల మందికి ఒక సందేశం చూపించింది, ఓటు వేయండి, మీ స్నేహితులు వేశారు అని. దానివల్ల అదనంగా 3,40,000 ఓట్లు పడి ఉంటాయని 2012లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఓటు వేయమనడం మంచిదే. కానీ ఆ సందేశం ఎవరికి చూపించాలో నిర్ణయించే అధికారం ఒక్క సంస్థ దగ్గర ఉండటం నాకు నచ్చదు. ఇది నా విలువ, నా పుస్తకంలో అలాగే రాసుకున్నాను.

ఇంట్లో మాట్లాడేటప్పుడు

గ్రూపులో సరిదిద్దకండి. నలుగురి ముందు తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం, నాకూ కష్టమే అయింది. విడిగా ఫోన్ చేయండి. "ఇది అబద్ధం" అనకుండా "పూర్తి వీడియో దొరికిందా? కలిసి వెతుకుదామా?" అని అడగండి. మీరు పంపిన తప్పును మాత్రం పంపిన గ్రూపులోనే, అందరూ చూసేలా ఒప్పుకోండి. నేను "ఆ రోజు పంపిన వీడియో కోసినది, పూర్తి ప్రసంగం ఇది, అన్నయ్యకు క్షమాపణ" అని మూడు ముక్కలు రాశాను. పది నిమిషాల్లో అన్నయ్య ఫోన్ చేశాడు.

మొన్న ఎన్నికలప్పుడు తనే ఒక ఆడియో పంపి "చెల్లీ, దీనికి వోచర్ ఉందేమో చూడవే" అన్నాడు. అది నాకు నచ్చని నాయకుడి గొంతు. నిజమైతే బాగుండునని నాకు అనిపించిన మాట నిజం. ఇద్దరం సాయంత్రమంతా వెతికాం. ఎక్కడ మాట్లాడాడో, ఎప్పుడో, మొదట ఎవరు పెట్టారో ఏదీ తేలలేదు. పుస్తకం చివరి పేజీల్లో తేదీ వేసి రాశాను. మూడో గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.