ఒత్తిడి, శరీరం: మూడవ పాఠం – నాడి ఎంతసేపటికి దిగుతుంది?

ఒత్తిడికి శరీరం రెండు మార్గాల్లో స్పందిస్తుందని గత రెండు పాఠాల్లో తెలుసుకున్నాం. నరాల మార్గం సెకన్లలో పనిచేసి మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథుల లోపలి భాగం నుంచి గుండె వేగాన్ని పెంచే అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది. హార్మోన్ల మార్గంలో మెదడులోని హైపోథాలమస్ నుంచి దాని కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అధివృక్క గ్రంథుల పైపొరకు సందేశం చేరి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ వెలువడడానికి నిమిషాలు పడుతుంది. చదివి తెలుసుకున్న ఆ విషయాన్ని ఈ పాఠంలో మన వేళ్లతో తాకి చూద్దాం. గుండె వేగం పెరగడం జబ్బు కాదు. మెట్లెక్కినా, కదిలిపోతున్న బస్సును అందుకోవాలని పరుగెత్తినా అది పెరగాలి. పెరిగింది సకాలంలో దిగకపోవడమే కాలక్రమంలో హాని చేస్తుంది కనుక, ఎంతసేపటికి దిగుతుందో కొలవడమే ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని.

సెకన్ల ముల్లున్న గడియారం, నోటు పుస్తకం, పెన్ను ఉంటే చాలు. కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. అంతకు ముందు అరగంటలో టీ, కాఫీ, సిగరెట్టు ముట్టకండి. ఎడమ అరచేతిని పైకి తిప్పి, బొటనవేలి మొదలుకు కాస్త కింద, మణికట్టు అంచున, కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తేలికగా ఆనించండి. గట్టిగా నొక్కితే ధమని మూసుకుపోయి నాడి అందదు. బొటనవేలితో చూస్తే ఆ వేలిలోని కొట్టుకోవడమే లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. ముప్పై సెకన్లు లెక్కించి రెట్టింపు చేసి రాసుకోండి. కొట్టుకోవడం ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం పూర్తి నిమిషం లెక్కించాలి. విశ్రాంతిలో ఉన్న పెద్దలకు నిమిషానికి 60 నుంచి 100 వరకూ మామూలే. చేతికి స్మార్ట్‌వాచీ ఉన్నవారు కూడా మొదటి వారం వేళ్లతోనే చూడాలని నా సలహా. తెరపై క్షణక్షణం మారే అంకెను చూస్తూ కూర్చుంటే కొందరికి ఆ చూడడమే కొత్త ఆందోళన అవుతుంది.

ఇప్పుడు ప్రయోగం. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993లో ఒక పరీక్షను ప్రచురించారు. అందులో పాల్గొనేవారు ముఖంలో ఏ భావమూ కనబరచని పరీక్షకుల ముందు ఐదు నిమిషాలు ప్రసంగించి, ఆ తరువాత మరో ఐదు నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ జవాబులను పైకి చెప్పాలి. ఎక్కడ తప్పినా మళ్లీ 1022 దగ్గర మొదలుపెట్టాలి. మనకు రెండవ భాగం చాలు. ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, నవ్వకుండా, తప్పు చెప్పినప్పుడల్లా "తప్పు, మళ్లీ మొదటి నుంచి" అని మాత్రమే అనమని చెప్పండి. 1009, 996, 983 అంటూ ఐదు నిమిషాలు సాగించండి. గుండె జబ్బు ఉన్నవారు, ఛాతీలో నొప్పి వచ్చే అలవాటు ఉన్నవారు ఈ ప్రయోగం జోలికి పోవద్దు. లెక్క ఆపగానే నాడి చూసి, తరువాత ప్రతి నిమిషానికీ మళ్లీ చూస్తూ, మొదట రాసుకున్న సంఖ్యకు దగ్గరగా వచ్చేవరకూ పట్టిన సమయాన్ని రాయండి. మనిషికీ మనిషికీ ఈ సమయం తేడాగా ఉంటుంది కనుక పక్కవారి అంకెతో పోల్చుకోకండి. మీ సంఖ్యకు మీ పాత సంఖ్యే కొలమానం.

చాలామందికి నాడి కొద్ది నిమిషాల్లోనే దిగుతుంది. అంతటితో అయిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు. ఆ పరీక్షలో పాల్గొన్నవారి లాలాజలంలో కార్టిసాల్‌ను కొలిస్తే, ఒత్తిడి మొదలైన 20 నుంచి 40 నిమిషాలకు గానీ అది గరిష్ఠ స్థాయికి చేరదు. పొయ్యి ఆర్పిన తరువాత కూడా అన్నం కుండలోని ఆవిరికి మగ్గుతూ ఉన్నట్టే, గొడవ ముగిసి మనం పనిలో పడిన తరువాత కూడా కార్టిసాల్ ప్రభావంతో కాలేయం రక్తంలోకి గ్లూకోజును వదులుతూనే ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి ఆహారంలో ఏ మార్పూ లేకుండానే కొన్ని రోజుల్లో చక్కెర పెరిగి కనిపించడానికి ఇది ఒక కారణం. ఇలాంటి సందర్భాలు రోజుకు నాలుగు వస్తే, ఒకటి దిగేలోపే మరొకటి ఎక్కుతుంది. అమెరికాలోని ఒహాయో పరిశోధకులు 1995లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను చూసుకుంటున్న మహిళల ముంజేతిపై చేసిన చిన్న గాయం, అదే వయసున్న ఇతర మహిళల గాయం కంటే సగటున తొమ్మిది రోజులు ఆలస్యంగా మానింది. మంచాన పడిన అత్తగారినో, తండ్రినో ఏళ్ల తరబడి ఒంటిచేత్తో చూసుకునే ఆడవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారి అలసటను ఓపిక లేకపోవడంగా లెక్కగట్టే అలవాటు మనం మానుకోవలసి ఉంది.

మరునాడు రెండవ ప్రయోగం చేయండి. విశ్రాంతి నాడి రాసుకున్న తరువాత, గత వారం మిమ్మల్ని బాధించిన ఒక మాటను రెండు నిమిషాలు తలచుకుని మళ్లీ నాడి చూడండి. ఎదుట ఎవరూ లేకపోయినా అంకె కొంత పెరగవచ్చు. లోపల పదేపదే తిప్పుకునే మాట జరిగిపోయిన సంఘటనను శరీరానికి మళ్లీ జరుగుతున్నట్టే చూపుతుంది. రాత్రి పడుకున్నాక కూడా నాడి దిగకపోవడానికి తరచుగా కారణం ఇదే.

మూడవ రోజు మొదటి ప్రయోగాన్నే చేసి, లెక్క ఆపిన వెంటనే శ్వాసను నెమ్మదింపజేయండి: నాలుగు సెకన్లు పీల్చి, బిగబట్టకుండా ఆరు సెకన్లు వదలండి. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం ప్రభావంతో నెమ్మదిస్తుంది. అందుకే వదలడం పొడవుగా ఉండాలి. మొదటి రోజు పట్టిన సమయం పక్కన ఈ రోజు పట్టిన సమయం రాయండి. తల తిరిగినట్టుంటే ఆపి మామూలుగా శ్వాసించండి.

రెండు హెచ్చరికలు. ఎటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వాడేవారికి నాడి అణిగి ఉంటుంది కాబట్టి ఈ లెక్కలు వారికి వర్తించవు; ఈ పాఠం కోసం మందు ఆపడం ప్రమాదకరం. విశ్రాంతిలో కూడా నాడి తరచూ వందకు పైగా ఉంటే దాన్ని ఒత్తిడి ఖాతాలో వేయకండి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వంటివి కారణం కావచ్చు, వైద్యులకు చూపించాలి. ఛాతీలో బిగుతు, చెమటలు, ఆయాసం కలిసి వస్తే శ్వాస సాధన చేస్తూ కూర్చోక వెంటనే 108కు ఫోన్ చేయాలి.

తరువాతి పాఠం వచ్చేవరకూ రోజూ ఉదయం పక్క దిగకముందు నాడి చూసి, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో దాని పక్కనే రాయండి. నాలుగవ పాఠంలో ఇంట్లో రక్తపోటు కొలవడం నేర్చుకుంటాం; ఆసుపత్రిలో 140/90ను హద్దుగా తీసుకునే వైద్యులు ఇంటి కొలతకు 135/85ను ఎందుకు తీసుకుంటారో అక్కడ చూద్దాం. యంత్రం ఉన్నవారు దాని పట్టీ తమ దండచేతి చుట్టుకొలతకు సరిపోతుందో లేదో ముందుగా చూసి ఉంచుకోండి.