డిప్రెషన్ మందులు వాడుతున్నా ఇంటిపని చేయబుద్ధి కాకపోతే

మందులు మొదలుపెట్టాక ఏడుపు తగ్గుతుంది, నిద్ర కాస్త పడుతుంది. అయినా సింకులో గిన్నెలు అలాగే ఉంటాయి, ఉతకాల్సిన బట్టలు కుర్చీ మీద పేరుకుపోతాయి, స్నానానికి లేవాలన్నా ఒళ్లు కదలదు. చాలామందికి ఎదురయ్యే దశే ఇది. దీన్ని బద్ధకం అనకండి, ఇంట్లోవాళ్లనీ అననివ్వకండి.

ఈ మందుల ప్రభావం సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో తెలియడం మొదలవుతుంది. పూర్తిగా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు. తరచుగా నిద్ర, ఆకలి ముందు కుదుటపడతాయి. పనుల మీద ఆసక్తి ఆలస్యంగా వస్తుంది. అందుకే 'మనసు బాగుపడ్డాక చేద్దాంలే' అని ఆగితే పని వెనక పని పడుతుంది. ముందు చేయి కదలాలి, మనసు వెనకే వస్తుంది. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్సకు ఆధారం ఇదే.

గిన్నెల సంగతే తీసుకోండి. 'అన్నీ కడగాలి' అనుకున్నారంటే సింకు దగ్గరికే వెళ్లరు. ముందు వాటిలో నీళ్లు పోసి నానబెట్టండి, అంతే. ఆ పూటకి అదే పని. ఓ అరగంట తర్వాత ఫోన్‌లో 5 నిమిషాలకు టైమర్ పెట్టుకుని, తర్వాతి భోజనానికి కావాల్సిన కంచం, గ్లాసు, చెంచా మాత్రం కడగండి. టైమర్ మోగగానే ఆపే హక్కు మీకుంది. ఆ హక్కు ఉందని నమ్మితేనే రేపు మళ్లీ సింకు దగ్గరికి వెళ్తారు. చేయి ఆడుతుంటే ఇంకో 5 నిమిషాలు చేయండి, ఆపైన వద్దు. కాస్త ఓపిక ఉన్న రోజున ఇల్లంతా సర్ది మర్నాడు మంచం దిగలేకపోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. మంచి రోజైనా చెడ్డ రోజైనా ఇంచుమించు అంతే పని పెట్టుకోండి.

మిగతా పనులకూ ఇదే కొలత. నిలబడి స్నానం చేయలేకపోతే స్టూలు వేసుకుని కూర్చుని చేయండి. అదీ కుదరకపోతే మొహం కడుక్కుని లోదుస్తులు మార్చుకోండి. ఉతికిన బట్టలు మడతపెట్టకుండా ఒక బుట్టలో వేసినా తప్పులేదు. రోజుకు రెండు పనులు చాలు: ఒకటి తప్పనిసరిది, ఒకటి ఒకప్పుడు మీకు నచ్చినది. రెండోదాన్ని వదిలేయకండి, దానికీ మొదటిదానికి ఉన్నంత విలువ ఉంది. 'తీరిక దొరికినప్పుడు' అని కాకుండా 'మందు వేసుకున్న వెంటనే', 'కాఫీ తాగాక' అని రోజూ జరిగే దేనికైనా ముడిపెట్టండి. అప్పుడు ఎప్పుడు మొదలుపెట్టాలా అన్న ఆలోచన తప్పుతుంది.

ఇంత చేసినా అడుగు పడకపోతే కారణం మందులోనే ఉండొచ్చు. మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్ మత్తునిస్తాయి. రాత్రి ఆలస్యంగా వేసుకుంటే పొద్దున తల బరువుగా ఉంటుంది. ఫ్లూక్సెటిన్ కొందరికి నిద్ర చెడగొడుతుంది కాబట్టి సాధారణంగా పొద్దునే వేసుకోమంటారు. ఎస్కిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివాటితో కొందరికి మనసు మొద్దుబారుతుంది: బాధా ఉండదు, సంతోషమూ ఉండదు, ఏది ఎలా పోయినా పట్టదు. డిప్రెషన్ తగ్గకపోయినా ఇలాగే ఉండొచ్చు. తేడా తేల్చాల్సింది డాక్టరు. మందు వేళ, మోతాదు, మందు, ఏది మార్చాలన్నా ఆయనతో మాట్లాడాకే. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 లోపం కూడా ఇదే నీరసాన్ని తెస్తాయి, రక్తపరీక్ష అవసరమా అని అడగండి. మద్యం ఈ మందుల మత్తునూ పెంచుతుంది, డిప్రెషన్‌నూ పెంచుతుంది.

డాక్టరు దగ్గర 'ఏమీ చేయబుద్ధి కావట్లేదు' అని ఊరుకుంటే ఆయనకు తెలిసేది తక్కువ. వారం రోజులు ఒక కాగితం మీద మందు వేసుకున్న వేళ, పడుకున్న వేళ, లేచిన వేళ, చేసిన పని రాయండి. పని మొదలుపెట్టకముందు, అయ్యాక ఓపికకు 0 నుంచి 10 లోపు మార్కులు వేయండి. పక్కనే ఒక మాట: నిద్రమత్తా, నీరసమా, లేక ఏదీ పట్టకపోవడమా. ఈ మూడింటికీ చేయాల్సిన మార్పు వేరువేరు.

కొంచెం బాగుందనో, పనిచేయట్లేదనో మందు ఉన్నట్టుండి మానేయకండి. తలతిప్పడం, వికారం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం మొదలవ్వొచ్చు. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌తో ఇది ఎక్కువ. మానాల్సి వస్తే మోతాదు మెల్లగా తగ్గించేలా డాక్టరే చూస్తారు.

రెండు సందర్భాల్లో అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఒకటి, చనిపోవాలన్న ఆలోచనలు రావడం: మొదటి వారాల్లో, మోతాదు మారినప్పుడు, ముఖ్యంగా 25 ఏళ్లలోపు వారిని కనిపెట్టి ఉండాలి. రెండోది, నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, ఎడాపెడా ఖర్చు. ఏది కనిపించినా పక్కనున్నవాళ్లకు చెప్పి అప్పటికప్పుడే డాక్టరుకు ఫోన్ చేయండి. దొరకకపోతే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి, ఒంటరిగా మాత్రం ఉండకండి.