సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్‌కు రంగు, పూతలను బట్టి ధర కట్టడం ఎలా?

ఒకే మోడల్, ఒకే ఏడాది, ఒకే రకం పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఉన్న రెండు ఎలక్ట్రిక్ గిటార్లు మళ్లీ అమ్మకానికి వచ్చినప్పుడు ఒకే ధర పలకాలని లేదు. ఆ తేడా అంతా రంగు వల్లనే అని చాలామంది అనుకుంటారు. మామూలు గిటార్లలో రంగు వల్ల అమ్మకం త్వరపడడమో ఆలస్యం కావడమో జరుగుతుంది గానీ ధర పెద్దగా మారదు. ధరను బాగా కదిలించేది ఆ పూత ఫ్యాక్టరీలో వేసినదా, తర్వాత ఎవరైనా మార్చినదా అన్న సంగతి. కాబట్టి గిటార్ అమ్మేవారైనా కొనేవారైనా ఈ వరుసలో చూసుకుంటే మంచిది.

1. రంగు అసలు పేరు పట్టుకోండి

"నీలం రంగు ఫెండర్" (ఫెండర్ ఒక అమెరికన్ గిటార్ కంపెనీ) అంటే కొనేవారికి ఏమీ తెలియదు. సోనిక్ బ్లూ, డాఫ్నీ బ్లూ, లేక్ ప్లాసిడ్ బ్లూ మూడూ నీలాలే అయినా మూడింటినీ వెతుక్కునేవారు వేరు. సీరియల్ నంబరుతో తయారైన ఏడాది తెలుసుకుని, ఆ ఏడాది కేటలాగ్‌లో రంగు పేరు చూడండి.

ఈ పేర్ల వెనుక ఒక చరిత్ర ఉంది. తొలినాళ్లలో తన స్ట్రాటోకాస్టర్ మోడల్‌కు ఫెండర్ మామూలుగా వేసే రంగు సన్‌బర్స్ట్, అంటే మధ్యలో లేతగా మొదలై అంచుల వైపు ముదిరే రంగు. వేరే రంగు కావాలంటే 5 శాతం అదనంగా చెల్లించాలి. ఆ రంగుల్లో చాలావరకు అప్పటి అమెరికన్ కార్లకు డ్యూపాంట్ కంపెనీ తయారు చేసినవే: ఫియస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ మీద, లేక్ ప్లాసిడ్ బ్లూ క్యాడిలాక్ మీద కనిపించేవి. అదనపు డబ్బు పెట్టినవారు తక్కువ కాబట్టి ఆ రంగుల్లో మిగిలిన 1960ల గిటార్లు కూడా తక్కువే. అందుకే వాటి ధర సన్‌బర్స్ట్ వాటికంటే బాగా ఎక్కువ. అయితే అదే పేరుతో ఇప్పుడు వేలల్లో తయారయ్యే గిటార్‌కు ఆ అరుదుదనం లేదు, దానికి అదనపు ధర అడగడం వృథా.

కొత్త గిటార్లలో నలుపు, సన్‌బర్స్ట్, తెలుపు తొందరగా చేతులు మారతాయి. కళ్లు చెదిరే రంగులకు కొనేవారు తక్కువ. దీనికీ మినహాయింపు ఉంది: 1987లో ఐబనెజ్ కంపెనీ గిటారిస్టు స్టీవ్ వాయ్ సంతకంతో 777 మాత్రమే చేసిన లాక్ నెస్ గ్రీన్ గిటార్‌ను ఆ మెరుపు పచ్చ రంగు కోసమే వెతుకుతారు.

2. పూత ఏ రకమో గుర్తించండి

నైట్రోసెల్యులోజ్ (క్లుప్తంగా నైట్రో) పూత పలచన. ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, చలికీ వేడికీ సన్నని బీటలు వారుతుంది, రబ్బరు స్టాండు మీద ఎక్కువకాలం ఉంచితే అక్కడ మెత్తబడి మచ్చ పడుతుంది. పాలియెస్టర్, పాలియురేథేన్ పూతలు గట్టివి. దెబ్బ తగిలితే గాజు పెచ్చులా ఊడతాయి. ఫెండర్ 1960ల చివర్లో మందపాటి పాలియెస్టర్‌కు మారింది. మరో అమెరికన్ గిటార్ కంపెనీ గిబ్సన్ నైట్రోతోనే కొనసాగుతోంది. మెరుపు లేని మ్యాట్ పూత అయితే ముంజేయి ఆనే చోట నున్నబడి మెరుస్తుంది, దాన్ని మళ్లీ మ్యాట్‌గా చేయడం కష్టం.

3. పూత అసలుదేనా అని తేల్చుకోండి

ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. పాత గిటార్ల వ్యాపారంలో నోటి లెక్క ఏమిటంటే, మళ్లీ రంగు వేసిన గిటార్ విలువ సుమారు సగానికి పడిపోతుంది, ఆ పని ఎంత అందంగా చేసినా సరే.

తీగలు వదులు చేసి, తీగల కింద బాడీ మీద బిగించే పలక (పిక్‌గార్డ్) స్క్రూలు విప్పి, లోపలి వైర్లు తెగకుండా కొద్దిగా ఎత్తి చూడండి. పాత లేక్ ప్లాసిడ్ బ్లూ గిటార్ పైపూత పసుపెక్కడం వల్ల బయట ఆకుపచ్చగా కనిపించినా, వెలుతురు తగలని పిక్‌గార్డ్ కింద నీలం మిగిలి ఉండవచ్చు. పైనా కిందా రంగు ఒకేలా, కొత్తగా ఉంటే అనుమానించాలి. 1960ల మధ్య దాకా ఫెండర్ కార్మికులు రంగు వేసి ఆరబెట్టేందుకు బాడీకి చిన్న మేకులు కొట్టేవారు, తర్వాత పీకేసేవారు. ఆ రంధ్రాల్లో ఒట్టి చెక్క కనిపించాలి. వాటిలో రంగు నిండి ఉంటే తర్వాత ఎవరో వేసినట్టే. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే పాత నైట్రో పూత లేత ఆకుపచ్చగా వెలుగుతుంది, దిద్దిన చోటు వేరే ఛాయలో బయటపడుతుంది. గిబ్సన్ అయితే హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పై కొస) వెనుక మెడ కలిసే చోట తప్పక టార్చి వేయండి. అక్కడ రంగు దిద్ది ఉంటే కింద విరిగి అతికించిన చెక్క ఉండే అవకాశం ఎక్కువ.

4. వెలిసిన రంగునూ అరుగుదలనూ వేరుగా లెక్కించండి

1958 నుంచి 1960 వరకు వచ్చిన గిబ్సన్ సన్‌బర్స్ట్ లెస్‌పాల్ గిటార్లలో, ముఖ్యంగా మొదటి రెండేళ్ల వాటిలో, ఎరుపు రంగు వెలుతురుకు నిలవక తేనె రంగుకో నిమ్మపండు రంగుకో తిరిగింది. ఆ వెలిసిపోవడమే ఇప్పుడు అందంగా చెలామణి అవుతోంది. ఫెండర్ 1995 నుంచి కావాలనే అరగదీసిన కొత్త గిటార్లను అమ్ముతోంది. దీన్ని చూసి ఇంట్లో ఉప్పుకాగితం పట్టవద్దు. ఫ్యాక్టరీ చేసిన అరుగుదలకు డబ్బు వస్తుంది, మన చేతి పనికి రాదు. మామూలు గిటార్ మీద పెచ్చులు ఊడిన చోట రంగు పూయడం కూడా అనవసరం. ఉన్నది ఉన్నట్టు చూపి, కాస్త ధర తగ్గించడమే లాభం.

5. అమ్ముడైన ధరలతో పోల్చి, ఫోటోలు తీయండి

రివర్బ్, ఈబే వంటి అమ్మకపు సైట్లలో అడుగుతున్న ధరలను కాక అమ్ముడైన ధరలను, అదే మోడల్, అదే ఏడాది, అదే రంగుకు చూడండి. మన దగ్గర అరుదైన రంగుకు విలువ కట్టేవారు తక్కువ కాబట్టి అమెరికా ధరను రూపాయల్లోకి మార్చి హైదరాబాద్‌లో అడిగితే నెలల తరబడి ఫోన్ మోగకపోవచ్చు.

ఫోటోలు పగటిపూట నీడలో, ఫిల్టర్ లేకుండా తీయండి. ప్రతి పెచ్చు పక్కనా ఒక రూపాయి నాణెం పెడితే దెబ్బ పరిమాణం తెలుస్తుంది. దానికి ముందు మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నైట్రో పూతకు స్పిరిట్ తగిలితే పాడవుతుంది. అమెరికాలో ఉన్నవారు చలికాలంలో కొరియర్‌లో గిటార్ పంపితే, పెట్టెను కొన్ని గంటలపాటు గదిలో ఉంచి ఆ తర్వాతే తెరవమని కొన్నవారికి ముందే చెప్పండి. గడ్డకట్టే చలి నుంచి ఒక్కసారిగా వెచ్చని గాలి తగిలితే నైట్రో పూత కళ్ల ముందే బీటలు వారవచ్చు.