పాత షెవర్లే పికప్‌లో 5.3 ఇంజన్ ఎక్కించడం ఎలా?

1973 నుంచి 1987 దాకా వచ్చిన షెవర్లే పికప్‌లను అమెరికాలో స్క్వేర్‌బాడీ అంటారు. టెక్సాస్‌లోని డల్లాస్ చుట్టుపక్కల ఇవి ఇప్పటికీ రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. నా దగ్గరున్నది 1985 సీ10. సీ అంటే వెనక చక్రాలు మాత్రమే లాగే బండి. ఛాసీ గట్టిది, బానెట్ ఎత్తితే ఇంజన్ పక్కన కాలు పెట్టి నిలబడేంత చోటు. దానిలో వచ్చిన 305 (క్యూబిక్ అంగుళాల) కార్బురేటర్ ఇంజన్ మాత్రం 5 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది అయి ఉండి కూడా 160 హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోతుంది. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేయాలంటే రోజూ టెన్షనే.

దాని బదులు చాలామంది ఎక్కించేది ఎల్‌ఎం7. 1999 నుంచి 2007 దాకా సిల్వరాడో, టాహో, సబర్బన్ బండ్లలో వచ్చిన 5.3 లీటర్ల వీ8. ఇనుప బ్లాక్, అల్యూమినియం హెడ్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏడాదిని బట్టి 270 నుంచి 295 హార్స్‌పవర్. తుక్కు యార్డుల్లో తేలిగ్గా దొరుకుతుంది.

ఇంజన్ దించి ఇంకోటి ఎక్కించడం ఒక శనివారం, ఆదివారం పని. బండ్లు ఆగిపోయేది అక్కడ కాదు. పెట్రోలు లైను, నీళ్ల పైపులు, వైరింగ్ దగ్గర ఆగిపోతాయి. "కొద్దిగా పని మిగిలింది" అని అమ్మకానికి పెట్టే సగం బండ్ల కథ ఇదే. అందుకే ఇంజన్ బేరానికి వెళ్లేముందే ఈ మూడింటికీ డబ్బు, సమయం పక్కన పెట్టుకోండి.

ముందు చట్టం సంగతి

టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు కాబట్టి 1985 బండికి ఆ ఇబ్బంది లేదు. కాలిఫోర్నియాలో మాత్రం 1976, ఆ తర్వాతి పెట్రోలు బండ్లకు పరీక్ష ఉంది. ఎక్కించే ఇంజన్ బండి తయారైన ఏడాదిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలి. దాంతోపాటు వచ్చిన కాలుష్య నియంత్రణ సామగ్రి అంతా ఉండాలి. రిఫరీ, అంటే ఇలాంటి బండ్లను తనిఖీ చేసే అధికారి, చూసి ఒప్పుకోవాలి. ఇది చదివి ఆంధ్రాలోనో తెలంగాణలోనో పాత పికప్ మీద చేయి వేద్దామనుకునేవాళ్లకు ఒక మాట: మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోకుండా ఒక్క బోల్టు కూడా విప్పకండి.

ఇంజన్ ఎంపిక

యార్డులో బండి డ్యాష్‌బోర్డు మీదున్న విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) చూడండి. ఎనిమిదో స్థానంలో టీ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే అది ఎల్‌ఎం7. వీ ఉంటే 4.8 లీటర్లది. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి, మాటమీద నమ్మి కొంటే మోసపోతారు.

స్పార్క్ ప్లగ్గులు తీసి, ముందు పుల్లీ బోల్టుకు 24 ఎంఎం సాకెట్ పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి. ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటి తెల్లటి పూత కనిపిస్తే అనుమానించాలి. హెడ్ మీద కాస్టెక్ అనే తయారీదారు గుర్తు ఉందేమో కూడా చూడండి. ఆ గుర్తున్న హెడ్లు కొన్ని పగిలి, బయటికి చుక్క కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం అందరికీ తెలిసిన జబ్బు.

ఇంజన్ ఒక్కటే కొనకండి. గేర్‌బాక్సు, వైరింగ్ మొత్తం, కంప్యూటర్, గాలి కొలిచే సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్లు అన్నీ అదే బండివి తీసుకోండి. 2003 నుంచి వచ్చిన వాటిలో చాలావరకు యాక్సిలరేటర్ కేబుల్ లేదు, అంతా వైరు మీదే నడుస్తుంది. అలాంటిదైతే పెడల్, దాని మాడ్యూల్ కూడా ఆ బండివే కావాలి. 2002, అంతకు ముందువి చాలావరకు కేబుల్‌తో నడుస్తాయి. మొదటిసారి చేసేవాళ్లకు అదే సుఖం.

ఎక్కించక ముందే విప్పాల్సినవి

ఇంజన్ స్టాండు మీద ఉండగా పది నిమిషాల్లో అయ్యే పని, బండిలోకి ఎక్కాక పూట పడుతుంది. ఇంటేక్ మానిఫోల్డ్ కింద లోయలో ఉండే రెండు నాక్ సెన్సర్లు (ఇంజన్ కొట్టుకుంటే పసిగట్టేవి), వెనక క్రాంక్ సీలు, వాటర్ పంపు, ప్లగ్గులు ఇప్పుడే మార్చేయండి.

అన్నిటికంటే ముఖ్యం ఆయిల్ ఛాంబర్ విప్పడం. లోపల స్ట్రైనర్ గొట్టం పంపులోకి దూరే చోట చిటికెన వేలి ఉంగరమంత రబ్బరు రింగ్ ఉంటుంది. నా ఇంజన్లో అది తీస్తే రబ్బరులా వంగలేదు, ఎండిన చింతపిక్క తొక్కలా రెండు ముక్కలైంది. ఆ రింగ్ గట్టిపడితే పంపు ఆయిలుతో పాటు గాలి కూడా పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు అరుగుతాయి. మీ గొట్టానికి సరిపోయే సైజే అడిగి తెచ్చుకోండి, ఆయిల్ రాసి, మడత పడకుండా నిదానంగా కూర్చోబెట్టండి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేసే ఓపిక ఉందంటే ఇది చేయండి.

పాతది దించడం

బ్యాటరీ తీసేయండి. పెట్రోలు, కూలెంట్, ఆయిల్ ఖాళీ చేయండి. ఏసీ ఉంటే గ్యాస్ గాల్లోకి వదలకూడదు, నేరం. లైసెన్సున్న షాపులో తీయించండి. బానెట్ విప్పేముందు బిజాగరీల చుట్టూ మార్కర్‌తో గీత గీస్తే మళ్లీ బిగించేటప్పుడు సరిగ్గా కూర్చుంటుంది. ప్రతి వైరుకూ టేపు అంటించి పేరు రాయండి, ఫోన్లో ఫొటోలు తీయండి. ఇంజన్ గాల్లో వేలాడుతున్నంతసేపూ దాని కింద చేయి గానీ కాలు గానీ పెట్టొద్దు. పిల్లల్ని షెడ్డు దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

కోయక ముందు కూర్చోబెట్టి చూడండి

పాత ఇంజన్ మౌంటింగులకు మూడు బోల్టులు, కొత్తదానికి నాలుగు. మధ్యలో అడాప్టర్ ప్లేట్లు కావాలి, ముందుకూ వెనక్కూ జరిపే వీలున్నవి కొనండి. ఇంజన్, గేర్‌బాక్సు కలిపి లోపల పెట్టి, బోల్టులు వదులుగా ఉంచి, టేపు పట్టుకుని చుట్టూ తిరగండి. ఆయిల్ ఛాంబర్‌కూ ఛాసీలో అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్‌కూ మధ్య సందు ఉందా? ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టీరింగ్ రాడ్డుకు తగులుతోందా? హెడ్ల వెనక వైపు క్యాబిన్ గోడకు ఎంత దూరం? రేడియేటర్ ఫ్యానుకు చోటు మిగిలిందా? అన్నీ కుదిరాకే బిగించాలి, అప్పటిదాకా గ్రైండర్ ముట్టుకోవద్దు. నాకు ఈ ఒక్క పనికే రెండు సాయంత్రాలు పట్టాయి. అవి వృథా కాలేదు.

కొత్త ఇంజన్‌తో వచ్చే 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సు పాత టీహెచ్350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు కంటే పొడవు. అందుకే దాని క్రాస్ మెంబర్ వెనక్కి జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టి చేయించాలి. షాఫ్ట్ కోత, బ్యాలెన్సింగ్ షాపు వాళ్లకే వదిలేయండి. పాత గేర్‌బాక్సే ఉంచుకుంటానంటే, కొత్త ఇంజన్ క్రాంక్ చివర 0.4 అంగుళం లోపలికి ఉంటుంది కాబట్టి స్పేసర్ వేయాలి.

ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌ను చేత్తో తిప్పుతూ లోపలికి నెట్టండి, మెట్టు మెట్టుగా దిగుతుంది. పూర్తిగా దిగాక గేర్‌బాక్సు ఇంజన్‌కు ఆనించినప్పుడు, కన్వర్టర్‌కూ, క్రాంక్ చివర బిగించే ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య కొంచెం సందు ఉండాలి. సందు లేకుండా బోల్టులతో బలవంతంగా లాగితే గేర్‌బాక్సు పంపు పగులుతుంది.

పెట్రోలు లైను

కార్బురేటర్‌కు నాలుగైదు పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) వస్తే చాలు. ఈ ఇంజన్‌కు 58 పీఎస్‌ఐ కావాలి. పాత రబ్బరు పైపు ఆ ఒత్తిడికి చిట్లి వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోలు చిమ్ముతుంది. ఇంజెక్షన్‌కు పనికొచ్చే పైపు, దానికి తగ్గ క్లిప్పులు మాత్రమే వాడండి. పంపు ట్యాంకులోనే ఉంటే చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. రెగ్యులేటర్ కలిసే ఉన్న కార్వెట్ ఫిల్టర్ ఒకటి దొరుకుతుంది, అది ట్యాంకు దగ్గర పెడితే ముందుకు ఒకే పైపు వేస్తే సరిపోతుంది.

నీళ్లు

ఈ ఇంజన్ హెడ్ల పైభాగంలో ఆవిరి బయటికి పోవడానికి సన్నటి గొట్టం ఉంటుంది. "ఇదెందుకు" అని కొందరు మూసేస్తారు. మూస్తే హెడ్లలో గాలి బుడగ నిలిచి, మీటరు మామూలుగా చూపిస్తుండగానే లోపల వేడెక్కుతుంది. దాన్ని రేడియేటర్ పైభాగానికి కలపాలి. పాత బండి ముక్కు కాస్త ఎత్తి పెట్టి నీళ్లు నింపితే గాలి త్వరగా పోతుంది.

వైరింగ్

కంప్యూటర్‌కు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు ఒకటి, తాళం తిప్పినప్పుడు వచ్చేది ఒకటి కావాలి. రెండోది సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా పోకూడదు. పాత బండిలో కొన్ని వైర్లు సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంటు వదిలేస్తాయి, టెస్ట్ లైటు పెట్టి చూసుకోండి. కంప్యూటర్‌లోని దొంగతనం లాక్‌ను ప్రోగ్రామింగ్‌లో తీయించకపోతే ఇంజన్ రెండు సెకన్లు నడిచి ఆగిపోతుంది.

ఎర్త్ మీద ఎంత చెప్పినా తక్కువే. నా బండి మొదటిసారి స్టార్ట్ అయి, ఐడిల్‌లో ఊగిపోతూ, సెన్సర్లన్నీ పిచ్చి లెక్కలు చూపించింది. రెండు రోజులు సెన్సర్లు మార్చాను. చివరికి మీటరు పెట్టి కొలిస్తే, ఛాసీకి బిగించిన ఎర్త్ వైరు కింద గోరు మందం పెయింటు. గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించగానే ఐడిల్ నిలబడింది. బ్లాక్ నుంచి ఛాసీకి, హెడ్ నుంచి క్యాబిన్ గోడకు, బ్యాటరీ నుంచి బ్లాక్‌కు మూడు మందపాటి వైర్లు వేయండి. మూడు చోట్లా పెయింటు గీకండి.

మొదటిసారి స్టార్ట్

ఆరు క్వార్టులు, అంటే దాదాపు 5.7 లీటర్ల ఆయిల్ పోయండి. కాయిల్స్, ఇంజెక్టర్ల ఫ్యూజులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టండి. తర్వాత ఫ్యూజులు పెట్టి, తాళం మాత్రం తిప్పితే పంపు రెండు సెకన్లు గుర్రుమంటుంది. నాలుగైదు సార్లు అలా చేసి, టార్చి పట్టుకుని పెట్రోలు లైను ప్రతి కీలూ చూడండి. మంటలార్పే సిలిండరు చేతికందేలా, పక్కన ఒక మనిషి. అప్పుడు స్టార్ట్ చేయండి.

వేడెక్కాక వెయ్యి ఆర్‌పీఎం దగ్గర కనీసం 6 పీఎస్‌ఐ, రెండు వేల దగ్గర 18 ఉండాలని కంపెనీ లెక్క. బాగున్న ఇంజన్ అంతకంటే చాలా ఎక్కువే చూపిస్తుంది. పాత డ్యాష్ మీటరును నమ్మకుండా, విడిగా ఒక మెకానికల్ మీటరు తగిలించి చూడండి. గేర్‌బాక్సు ఆయిల్ కూడా ఇంజన్ నడుస్తుండగానే కొలవాలి. పాత స్పీడోమీటర్ కేబుల్‌తో తిరిగేది కాబట్టి కొత్త గేర్‌బాక్సుతో పనిచేయదు, జీపీఎస్‌తో నడిచేది పెట్టుకుంటే ఆ చిక్కు పోతుంది.

మొదటి వంద మైళ్ల తర్వాత మౌంటింగులు, ఎగ్జాస్ట్, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు మళ్లీ పానా పెట్టి చూడండి. హోస్ క్లిప్పులు ఒక్కొక్కటీ చేత్తో తడిమి తడి ఉందేమో చూసుకుని, ఆ తర్వాతే బానెట్ బిగించండి. మార్కర్ గీతలు అప్పటికీ బిజాగరీల మీద ఉంటాయి.